పెట్టె పాడకూడదు

పై వాటా తాలివాల్దిస్
స్టెతస్కోపు అరువడగడానికి వచ్చిన రోజు
రీగాలో మంచు కరిగి వీధంతా బురద.
"గుండె బాగాలేదా?" అన్నాను.
"నాది కాదు, పెట్టెది."

ఇరవై రెండేళ్ళుగా రాత్రి డ్యూటీల నర్సుని.
పగటి నిద్ర నాకు జీతంలో భాగం.
మూడు నెలలుగా ఆ నిద్రలోకి
పైకప్పులోంచి దిగుతోంది ఒక బొయ్‌మనే మోత.
పాట కాదది, పాటకి పట్టిన జలుబు.
తిట్టడానికి ఎక్కాల్సిన మెట్లు
స్టెతస్కోపు మెడలో వేసుకుని ఎక్కాను.

వంటింటి బల్ల పక్కన రెండు పెట్టెలు,
బర్చ్ ప్లైవుడ్, నా నడుమెత్తు,
మూలల్లో జిగురు తేనెలా కారి ఎండింది.
ఒకదానికి స్పీకరు బిగించి
ఒకే ఒక్క స్వరాన్ని కిందనుంచి పైకి పాకిస్తున్నాడు.
నెత్తిన ఒక నాణెం పడుకోబెట్టాడు.
కొంత దూరం బుద్ధిగానే ఉంది నాణెం,
తర్వాత సీసాలో ఈగలా రొద పెట్టింది.
"అదిగో. కాగితం ఆడాలి, చెక్క ఆడకూడదు.
చెక్క ఆడితే పాటకి రెండో నోరు."

నేను గొట్టాలు చెవుల్లో పెట్టుకుని
బిళ్ళని ఒక్కో పలక మీదా ఆనించాను.
పక్కలు ఫరవాలేదు. పైన కాస్త గురక.
వెనక పలకకి వచ్చేసరికి,
ఆపరేషన్‌కి ముందు రాత్రి
"నాకేం భయం" అనే మగవాళ్ళ ఛాతీ.
"ఇక్కడ," అన్నాను.
పెన్సిలుతో సున్నా చుట్టాడు.

ఆ వారమంతా వైద్యం.
విరిగిన పడవ తెడ్డు కోసి
వెనక పలకకీ ముందు పలకకీ నడుమ దూలం వేశాడు,
సరిగ్గా మధ్యలో కాదు, నాలుగు వేళ్ళు పక్కకి.
"మధ్యలో వేస్తే రెండు సగాలూ
కవలల్లా ఒకే మాట అందుకుంటాయి.
పక్కకి వేస్తే దేని గొణుగుడు దానిది."
కప్పులకి వేసే తారు షీటు
ఇస్త్రీపెట్టెతో వేడిచేసి లోపల అతికించాడు.
వెనక్కి ఇంకో పలక కట్టి, ఆ సందులోకి
సముద్రపు ఇసుక.
తడి ఉంటే చెక్క ఉబ్బుతుందట,
రొట్టెల పళ్ళెంలో పోసి ఓవెన్‌లో వేయించాడు.
మెట్లన్నీ బాల్టిక్ వాసన.
కింది వాటా స్కైద్రీతె తలుపు తీసి
"చేప మాడ్చిందెవరు?" అని కేకేసింది.

శనివారం, ఒక్క పెట్టెతోనే, టేపు పెట్టాడు.
నలభై ఏళ్ళ కిందటి ఫ్యాక్టరీ బృందగానం.
అరవై గొంతులు. వెనక వరసలో, మంద్రంలో, ఆయన.
ఈసారి నాణేన్ని నిలువుగా నిలబెట్టాడు.
నిలబడింది.

నిజం చెప్పొద్దూ, ముందు నాకు వెలితిగా తోచింది,
పాట చిక్కిపోయినట్టు.
కాసేపటికి గొంతులు ఒకదాన్నొకటి వదిలి
ఎవరి కాళ్ళ మీద వాళ్ళు నిలబడ్డాయి.
ఆడవాళ్ళ వరసలో ఎవరికో
పంటి సందున 'స' ఈలేసింది.
ఎవరో కాగితం తిప్పారు.
రెండో చరణం ఆగిన చోట,
దగ్గు.
చిన్నదే. అరచేత్తో మూసుకున్నది.

టేపు ఆపాడు. వెనక్కి తిప్పాడు. దగ్గు.
మళ్ళీ తిప్పాడు.
"ఆరోజు కండక్టరు అడిగాడు, ఎవరని.
అరవైమందిమీ నేల చూశాం.
పోనీలే, టేపులో పడలేదన్నాడు.
ఇన్నేళ్ళూ నేనూ అదే అనుకున్నాను."
స్వరం ఆగినా చెక్క ఆగేది కాదు,
ఆ మూలుగు కింద దాక్కుని ఉందన్నమాట.
డెబ్బై ఆరేళ్ళ చెవులు
ఎర్రబడటం చూశాను.

"దూలం పీకెయ్యకూడదూ?" అన్నాను, నవ్వులాటకే.
ఆయన ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు.
తర్వాత లేచి, రెండో పెట్టె కోసం
ఓవెన్ వెలిగించాడు.

ఆ రాత్రి పదకొండో నంబరు మంచం మీద
బిళ్ళ ఆనిస్తే కరకరమంది.
నా గుండె ఒక్క క్షణం ఆగింది, ఆయనది కాదు.
తీసి చూశాను. అంచున
ఒక ఇసుక రేణువు.